ఏడాదికో కొత్త మోడల్... మారితే వచ్చేదెంత?

దసరా ఆఫర్లు మొదలైనప్పటి నుంచి సంక్రాంతి దాకా అనంతపురం సుభాష్ రోడ్డులో సెల్ షాపుల ముందు ఎక్స్ఛేంజ్ బోర్డులు వేలాడుతూనే ఉంటాయి. కర్నూలు రాజ్‌విహార్ సెంటర్‌లోనూ, కడప ఏడురోడ్ల కూడలిలోనూ ఇదే సందడి. షాపులోకి అడుగుపెట్టే వారిలో ఫోన్ పగిలిపోయినవాళ్లు, పోగొట్టుకున్నవాళ్లు కొందరుంటారు. వాళ్లకు వేరే దారి లేదు. అసలు తర్జనభర్జన మిగతావాళ్లది. చేతిలోని ఫోన్ బాగానే నడుస్తోంది. కొన్నది నిన్నగాక మొన్న. అదే పేరుతో, పక్కన అంకె ఒకటి పెరిగి, కొత్తది వచ్చింది. పాతది ఇచ్చేసి ఇది తీసుకోవచ్చా? పదిహేను వేల ఫోన్ నుంచి ఎనభై వేల ఫోన్ దాకా ఈ ప్రశ్న ఒకటే అయినా జవాబు ఒక్కటి కాదు.

క్లుప్తంగా

ఒక మోడల్‌కూ దాని వెనకే వచ్చిన మోడల్‌కూ ఉన్న తేడా, పెట్టే డబ్బుకు సరితూగడం చాలా అరుదు. ఫోన్‌ను నిజంగా పాతబెట్టేవి బ్యాటరీ, సెక్యూరిటీ అప్‌డేట్లు, స్టోరేజీ, నెట్‌వర్క్ బ్యాండ్లు (ఫోన్ అందుకోగల సిగ్నల్ తరంగాలు). బ్యాటరీని తక్కువ ఖర్చుతో మార్చుకోవచ్చు. మిగతా మూడింటిలో ఏదో ఒకటి పనికి అడ్డం వచ్చినప్పుడే కొత్త ఫోన్ ఆలోచన సబబు. రాయలసీమ ఎండ, ఊళ్లలో సిగ్నల్, సర్వీస్ సెంటర్ దూరం ఈ లెక్కను ఇంకొంత మారుస్తాయి.

ఏటా ఎందుకు వస్తుంది, కొంచెమే ఎందుకు మారుతుంది

కొత్త ఫోన్ ఎప్పుడు రావాలో ముందుగా నిర్ణయించేది క్యాలెండర్. ఆపిల్ ఏటా సెప్టెంబరులో, శాంసంగ్ తన ఎస్ సిరీస్‌ను ఏడాది మొదట్లో తెస్తాయి. ఫ్యాక్టరీ లైన్లు, షాపులకు సరకు, ప్రకటనలు, పండగ ఆఫర్లు అన్నీ ఆ తేదీ చుట్టూనే అల్లుకుని ఉంటాయి. కానీ లోపలి భాగాలు ఆ తేదీకి తలవంచవు. ఒక ప్రాసెసర్ కాగితం మీద మొదలై ఫోన్‌లోకి చేరడానికి కొన్నేళ్లు పడుతుంది. కెమెరా సెన్సర్ పెద్దదైతే ఎక్కువ వెలుతురు పడుతుంది. అయితే దానికి తగ్గ లెన్స్ పట్టాలంటే ఫోన్ మందం పెరగాలి, మందం పెంచడానికి కంపెనీలు వెనకాడతాయి. అందుకే ఒక ఏడు తెర, ఒక ఏడు చిప్, మరో ఏడు ఛార్జింగ్ పోర్టు అన్నట్టుగా మార్పులు వంతులవారీగా వస్తాయి.

ఐఫోన్‌లనే చూడవచ్చు. 2021లో వచ్చిన ఐఫోన్ 13లో ఏ15 చిప్ ఉంది. 2022లో వచ్చిన ఐఫోన్ 14లోనూ ఉన్నది ఏ15 చిప్పే, కాకపోతే గ్రాఫిక్స్ కోర్ (చిప్‌లో బొమ్మల పని చూసే విభాగం) ఒకటి ఎక్కువ. తెర అదే 6.1 అంగుళాలు, పైన ముందు కెమెరా ఉండే నల్లటి పట్టీ (నాచ్) అదే, వెనక ప్రధాన కెమెరా అదే 12 మెగాపిక్సెళ్లు. ఆ ఏడాది గొప్పగా చెప్పిన ఉపగ్రహ అత్యవసర సందేశ సదుపాయం విడుదలనాటికి మన దేశంలో అందుబాటులోనే లేదు. రెండింటి విడుదల ధరా ఒకటే, రూ.79,900. పదమూడు వాడుతూ పద్నాలుగుకు మారిన మనిషికి దక్కినది మెరుగైన సెల్ఫీ ఫోకస్, ప్రమాదాన్ని పసిగట్టే ఫీచర్, తక్కువ వెలుతురులో ఇంకాస్త శుభ్రమైన ఫొటో. అంతకు మించి చెప్పుకోదగ్గది లేదు.

అదే పదమూడు నుంచి నేరుగా 2025 నాటి ఐఫోన్ 17కు వస్తే సంగతి వేరు. తెర మీది బొమ్మ సెకనుకు మారే వేగం 60 హెర్ట్జ్ నుంచి 120 హెర్ట్జ్‌కు పెరిగింది. స్టోరేజీ 128 జీబీ నుంచి 256 జీబీ అయింది. లైట్నింగ్ పోర్టు పోయి ఇంట్లో అందరి ఛార్జర్‌తో పనిచేసే యూఎస్‌బీ టైప్-సీ వచ్చింది. కెమెరా 48 మెగాపిక్సెళ్లకు చేరింది. ఇవన్నీ చేతికి, కంటికి తెలిసే మార్పులే. ఒక్కో ఏడాదీ చిన్న అడుగే పడినా, నాలుగు అడుగులు కలిస్తే దూరం కనిపిస్తుంది.

ఆండ్రాయిడ్‌లో శాంసంగ్ గెలాక్సీ ఎస్22, ఎస్23, ఎస్24, ఎస్25 బేస్ మోడళ్లను పక్కపక్కన పెడితే వెనక కెమెరాల అమరిక నాలుగింటిలోనూ ఒకటే: 50 మెగాపిక్సెళ్ల ప్రధాన కెమెరా, 12 మెగాపిక్సెళ్ల అల్ట్రావైడ్, మూడు రెట్ల జూమ్ ఇచ్చే 10 మెగాపిక్సెళ్ల టెలిఫొటో. ఛార్జింగ్ నాలుగింటికీ 25 వాట్లే. బ్యాటరీ 3,700 ఎంఏహెచ్ నుంచి 3,900కు, అక్కణ్నుంచి 4,000కు పెరిగి ఆగింది. చిప్‌లు మాత్రం మారాయి, ఎస్25కు వచ్చేసరికి ర్యామ్ కనీసం 12 జీబీ అయింది.

దీన్ని మోసం అనడం సరికాదు. కిందటేడు కొన్నవాళ్లు మళ్లీ ఈ ఏడు కొంటారన్నది కంపెనీల ప్రధాన లెక్కా కాదు. మూడు నాలుగేళ్ల కిందటి ఫోన్ వాడుతున్నవాళ్లు ఏ ఏడు షాపుకొచ్చినా వాళ్ల ముందు తాజా సరకు ఉండాలి, ఏటా మోడల్ తేవడం వెనక ఉన్న తర్కం అది. చిక్కల్లా ప్రకటన దగ్గరే. నాలుగేళ్ల పాత ఫోన్ ఉన్నవాళ్ల కోసం తయారైన ప్రకటన, ఏడాది కిందట కొన్నవాళ్ల కంట్లోనూ పడుతుంది. వేదిక మీద చెప్పే ‘ఇన్ని రెట్లు వేగం’ అన్న మాట ఏ పాత మోడల్‌తో పోల్చి చెప్పిందో కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. చాలాసార్లు ఆ పోలిక రెండు మూడు తరాల కిందటి ఫోన్‌తో.

పది, పదిహేను వేల ఫోన్లలో మార్పు ఇంకా తక్కువ

ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఎక్కువ చేతుల్లో కనిపించేవి ఐఫోన్లు, ఎస్ సిరీస్‌లు కావు. పది నుంచి ఇరవై వేల లోపు ఆండ్రాయిడ్ ఫోన్లు. ఈ తరగతిలో కొత్తదనం పేరు మీద ఏం జరుగుతుందో తెలుసుకోవడం మరీ అవసరం, ఎందుకంటే ఇక్కడ కొనేవారికి అయిదు వేల తేడా కూడా చిన్నది కాదు.

మీడియాటెక్ చిప్‌ల వరుస దీనికి మంచి ఉదాహరణ. డైమెన్సిటీ 700 అనే 5జీ చిప్ 2020 చివర్లో వచ్చింది. అందులో బరువు పనులు చేసే పెద్ద కోర్లు రెండు, ఆ రెండూ కార్టెక్స్ ఏ76 రకం, వేగం 2.2 గిగాహెర్ట్జ్. ఆ తర్వాత 2023లో డైమెన్సిటీ 6020, 6100 ప్లస్, 2024లో డైమెన్సిటీ 6300 అన్న పేర్లు వచ్చాయి. వీటన్నిటిలోనూ పెద్ద కోర్లు అవే రెండు ఏ76లు. వేగం 2.2 నుంచి 2.4 గిగాహెర్ట్జ్‌కు వచ్చింది, చిప్ తయారీ పద్ధతి 7 నానోమీటర్ల నుంచి 6కు మారింది. ఏ76 డిజైన్‌ను, చిప్‌ల డిజైన్లు తయారుచేసే ఆర్మ్ సంస్థ ప్రకటించింది 2018లో. అంటే డబ్బా మీద పేరు మూడు నాలుగు సార్లు మారినా, లోపల బండి లాగే ఎద్దులు అవే.

పేరు మార్చి అమ్మడం కూడా ఇక్కడ మామూలే. రెడ్‌మీ 13సీ 5జీ, పోకో ఎం6 5జీ లోపల దాదాపు ఒకే ఫోన్, వెనక అట్ట వేరు. ఒకటి వాడుతూ రెండోదానికి మారితే కొత్త రంగు తప్ప ఏమీ రాదు.

డబ్బా మీద అచ్చయ్యే అంకెల్లో మూడింటిని నమ్మేముందు ఆగి చూడాలి. ‘8+8 జీబీ ర్యామ్’ అంటే పదహారు కాదు. రెండో ఎనిమిది స్టోరేజీలోంచి అరువు తెచ్చుకున్నది, అసలు ర్యామ్ కంటే ఎన్నో రెట్లు నిదానం. ‘ట్రిపుల్ కెమెరా’లో రెండోదీ మూడోదీ 2 మెగాపిక్సెళ్ల మాక్రో (మరీ దగ్గరి వస్తువులకు), డెప్త్ (దూరం కొలవడానికి) కెమెరాలైతే అవి లెక్క నింపడానికి పెట్టినవే. ఇక స్టోరేజీ ‘128 జీబీ’ అని రాసినా, అది నిదానంగా నడిచే ఈఎంఎంసీ రకమా, వేగంగా నడిచే యూఎఫ్ఎస్ రకమా అన్నది ముందు అట్ట మీద ఉండదు. కొన్న ఏడాదిన్నరకే ఫోన్ నత్తనడక నడుస్తోందన్న ఫిర్యాదు వెనక చాలాసార్లు ఉండేది ప్రాసెసర్ కాదు, నిండిపోయిన నిదానపు స్టోరేజీ. ఈఎంఎంసీ ఫోన్ నుంచి యూఎఫ్ఎస్ ఫోన్‌కు మారితే ఆప్‌లు తెరుచుకునే తీరులో తేడా వెంటనే తెలుస్తుంది. ఈఎంఎంసీ నుంచి కొత్త ఈఎంఎంసీకి మారితే మొదటి నెల బాగుంటుంది, తర్వాత మళ్లీ అదే కథ.

ఫోన్ నిజంగా పాతబడేది ఎక్కడ

బ్యాటరీతో మొదలుపెట్టాలి. లిథియం అయాన్ బ్యాటరీ ఒక్కోసారి నిండి ఖాళీ అయ్యే కొద్దీ దాని శక్తి కొంచెం కొంచెంగా తరుగుతుంది. ఐఫోన్ 14 వరకు ఆపిల్ చెప్పిన హామీ, 500 పూర్తి ఛార్జింగుల తర్వాత 80 శాతం మిగులుతుందని. ఐఫోన్ 15 నుంచి అది 1,000 ఛార్జింగులు. రోజుకొక పూర్తి ఛార్జింగ్ చొప్పున చూస్తే మొదటిది ఏడాదిన్నర లోపే, రెండోది మూడేళ్లకు కాస్త తక్కువగా పూర్తవుతుంది. యూరోపియన్ యూనియన్ 2025 జూన్ 20 నుంచి తన దగ్గర అమ్మే ఫోన్లకు 800 ఛార్జింగుల తర్వాత 80 శాతం ఉండాలని నిబంధన పెట్టింది. మన దేశంలో అలాంటి కట్టడి లేదు.

ఈ హామీలన్నీ మామూలు ఉష్ణోగ్రతకు లెక్కవేసినవి. ఫోన్ వాడకానికి ఆపిల్ చెప్పే అనువైన వాతావరణం 0 నుంచి 35 డిగ్రీల సెల్సియస్. అనంతపురం, కర్నూలు, కడపల్లో ఏప్రిల్, మే నెలల్లో పగలు 40 దాటడం కొత్త కాదు. వేడికి బ్యాటరీ లోపలి రసాయన చర్యలు వేగం పుంజుకుని, అది త్వరగా అరుగుతుంది. బైక్ హ్యాండిల్ మీది హోల్డర్‌లో ఫోన్ పెట్టుకుని మధ్యాహ్నం మ్యాప్ చూస్తూ తిరిగే డెలివరీ కుర్రాళ్లకు ఇది బాగా తెలుసు. ముందు తెర వెలుగు దానంతటదే తగ్గిపోతుంది, ఛార్జింగ్ ఆగిపోతుంది, ఫోన్ చల్లబడనివ్వమన్న హెచ్చరిక వస్తుంది. ఆ నడి ఎండలో ఏ చిప్ అయినా వేడి తట్టుకోలేక తన వేగం తానే తగ్గించుకుంటుంది. ఏసీ గదిలో పరీక్షించి చెప్పిన ‘30 శాతం ఎక్కువ వేగం’ అక్కడ లెక్కలోకి రాదు.

ఇంకో వైపు చూస్తే, ఎండ ఉన్న ఊరికి ఒక మార్పు మాత్రం నిజంగా పనికొస్తుంది. అది తెర వెలుగు. పాత తరం చౌక ఎల్‌సీడీ తెరలు చాలా వరకు 400, 500 నిట్స్ (తెర వెలుగు కొలత) దగ్గర ఆగేవి. ఇప్పుడు ఇరవై వేల లోపు అమోలెడ్ ఫోన్లు ఆరుబయట వెయ్యి నిట్స్ దాటుతున్నాయి. చీనీ (బత్తాయి) తోటలో నిలబడి మార్కెట్ ధర చూసుకునే రైతుకు, చేయి అడ్డం పెట్టుకోకుండా అంకెలు కనపడటం ఏ బెంచ్‌మార్క్ (వేగ పరీక్ష) స్కోరు కంటేనైనా ఎక్కువ ఉపయోగం.

బ్యాటరీ తరిగినంత మాత్రాన ఫోన్ మార్చనక్కర్లేదన్నది చాలామంది మర్చిపోయే విషయం. మామూలు ఆండ్రాయిడ్ ఫోన్లకు అసలు బ్యాటరీ మార్పిడి సాధారణంగా రెండు మూడు వేల రూపాయల లోపు తేలిపోతుంది. అది వేయించాక రోజంతా ఛార్జింగ్ నిలిచే ఫోన్ తిరిగి చేతికొస్తుంది. ఇక్కడే సర్వీస్ సెంటర్ దూరం అడ్డం వస్తుంది. కంపెనీ సర్వీస్ సెంటర్ ఊళ్లో ఉన్న బ్రాండ్‌కు ఇది ఒక పూట పని. లేని బ్రాండ్‌కైతే కొరియర్‌లో పంపి వారం ఆగాలి, లేదా అనంతపురం నుంచి 200 కిలోమీటర్లకు పైగా ఉన్న బెంగళూరుకు బస్సెక్కాలి. రాయదుర్గం వైపు ఊళ్లకు ఈ కష్టం ఇంకా ఎక్కువ. కొత్త ఫోన్ ఎంచుకునేటప్పుడే ఆ బ్రాండ్ సర్వీస్ సెంటర్ ఎక్కడుందో చూసుకోవడం, ప్రాసెసర్ పేరు చూసుకోవడం కంటే ముందు చేయాల్సిన పని.

రెండోది సెక్యూరిటీ అప్‌డేట్లు. ఫోన్‌పే, గూగుల్ పే, బ్యాంకు ఆప్‌లు అన్నీ ఈ ఫోన్‌లోనే ఉన్నప్పుడు దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. పిక్సెల్ 8 వచ్చిన 2023లో గూగుల్, ఎస్24 వచ్చిన 2024లో శాంసంగ్ ఏడేళ్ల అప్‌డేట్లకు మాటిచ్చాయి. ఖరీదైన ఫోన్లకే కాదు, 2024లో వచ్చిన గెలాక్సీ ఏ16 5జీకి కూడా ఆరేళ్ల హామీ ఉంది. అదే ధరలో రెండు మూడేళ్లతో సరిపెట్టే బ్రాండ్లూ ఉన్నాయి. ఈ ఏళ్లు లెక్కపెట్టేది ఫోన్ కొన్న రోజు నుంచి కాదు, ఆ మోడల్ విడుదలైన రోజు నుంచి. డిస్కౌంట్‌లో దొరికిందని రెండేళ్ల పాత మోడల్ కొంటే, మూడేళ్ల హామీలో మిగిలేది ఒక్క ఏడాదే.

అప్‌డేట్లు ఆగిన వెంటనే ఆప్‌లు ఆగిపోవు. 2023 అక్టోబరులో వాట్సాప్ ఆండ్రాయిడ్ 5.0 కంటే పాత ఫోన్లలో పనిచేయడం మానేసింది. ఆండ్రాయిడ్ 5.0 వచ్చింది 2014లో. వాట్సాప్ ఒక్కటే చూసుకుంటే పదేళ్ల ఫోన్ కూడా నడుస్తుందన్నమాట. కానీ భద్రతా లోపాలకు మందు ఆగిపోయిన ఫోన్‌లో డబ్బు లావాదేవీలు చేయడం ప్రమాదమే. ఫోన్ మార్చడానికి ఉన్న కారణాల్లో ఎదురు చెప్పలేనిది ఇదే.

ఊరి సిగ్నల్‌తో ముడిపడ్డ లెక్క

మన దేశంలో 5జీ 2022 అక్టోబరు 1న మొదలైంది. జియో 4జీ మీద ఆధారపడని స్టాండలోన్ పద్ధతిని ఎంచుకుంది, ఎయిర్‌టెల్ ఉన్న 4జీ మీదే కట్టే పద్ధతితో మొదలుపెట్టింది. జియో 5జీకి 700 మెగాహెర్ట్జ్ తరంగాలు, అంటే ఎన్28 బ్యాండ్, కీలకం. ఆ తరంగాలు ఎక్కువ దూరం వెళ్తాయి, గోడల్లోకి చొచ్చుకుపోతాయి. రెండు కంపెనీలూ వాడే ఎన్78 బ్యాండ్ వేగం ఎక్కువ ఇస్తుంది కానీ టవర్‌కు దగ్గర్లోనే బాగుంటుంది. 5జీ మొదలవ్వకముందే, 2020, 2021లలో ‘5జీ రెడీ’ అని అమ్మిన ఫోన్లు కొన్నింటిలో ఉన్నది ఒక్క ఎన్78 బ్యాండ్ మాత్రమే. అలాంటి ఫోన్ పట్నంలో 5జీ చూపించినా, పల్లెకు వెళ్తే 4జీకి పడిపోతుంది. ఇలాంటివాళ్లకు మారడం వల్ల స్పష్టమైన లాభం ఉంది.

బీఎస్ఎన్ఎల్ వాడేవారికి మరో విషయం. 2025 సెప్టెంబరు 27న దేశవ్యాప్తంగా ప్రారంభించిన దాని 4జీ సేవ 700, 2100 మెగాహెర్ట్జ్ బ్యాండ్లలో నడుస్తోంది. 4జీలో 700 మెగాహెర్ట్జ్‌ను బ్యాండ్ 28 అంటారు. పాత 4జీ ఫోన్లు చాలావాటిలో అది లేదు. టవర్ ఊళ్లోనే ఉన్నా సిగ్నల్ అందడం లేదంటే, సిమ్‌ను తిట్టే ముందు ఫోన్ స్పెసిఫికేషన్లలో బ్యాండ్ల జాబితా చూడాలి.

అయితే ఊరికి సరైన సిగ్నలే రానిచోట ఎంత వేగవంతమైన ఫోన్ కొన్నా వీడియో ఆగి ఆగే వస్తుంది. ఇప్పటికే ఎన్28, ఎన్78 రెండూ ఉన్న ఫోన్ వాడుతున్నవారికి, నెట్ నిదానంగా ఉందన్న కారణంతో కొత్త మోడల్ కొంటే ఒరిగేదేమీ లేదు.

కెమెరా: చీర ఫొటో దగ్గర తేలే తేడా

ధర్మవరంలో పట్టుచీరల ఫొటోలు తీసి వాట్సాప్‌లో బేరాలు నడిపే వ్యాపారులకు ఫోన్ కెమెరా పనిముట్టు లాంటిది. కొత్త మోడల్ 200 మెగాపిక్సెళ్లు అనగానే మొగ్గు చూపేది వీళ్లే. 50 మెగాపిక్సెళ్ల కెమెరా మామూలుగా తీసే ఫొటో పన్నెండున్నర మెగాపిక్సెళ్లే, నాలుగు పిక్సెళ్లను ఒకటిగా కలిపి తీస్తుంది. 200 మెగాపిక్సెళ్లదీ పదహారింటిని ఒకటిగా కలిపి అదే పన్నెండున్నర ఇస్తుంది. పైగా వాట్సాప్ మామూలుగా పంపితే ఫొటోను బాగా కుదించేస్తుంది. 2023 ఆగస్టులో వచ్చిన హెచ్‌డీ ఆప్షన్ నొక్కితేనో, ఫొటోను డాక్యుమెంట్‌గా పంపితేనో జరీ అంచులో పోగు పోగూ కనపడుతుంది. ఆ పని పాత ఫోన్‌లోనూ ఉచితమే.

చీర రంగు అసలు రంగులా రావడం లేదన్న సమస్యకు కూడా మొదటి మందు కొత్త ఫోన్ కాదు. ట్యూబ్‌లైటు కింద తీసిన మెరూన్ రంగు ఒకలా, కిటికీ పక్క పగటి వెలుగులో తీసింది ఒకలా వస్తుంది. అన్ని చీరలూ ఒకేచోట, ఒకే వెలుగులో తీస్తే సగం తలనొప్పి పోతుంది. వీడియోలు తీసి యూట్యూబ్‌లో పెట్టేవారికి మాత్రం స్టెబిలైజేషన్ (చేయి వణికినా బొమ్మ కదలకుండా ఉంచే ఏర్పాటు) ఉన్న కెమెరా, ఎక్కువ స్టోరేజీ నిజంగా పనికొస్తాయి. వారి విషయంలో ఫోన్ మార్పు ఖర్చు కాదు, పెట్టుబడే.

‘నెలకు రెండు వేలే’ అన్న మాట

చిన్న తేడాను కూడా కొనదగ్గదిగా అనిపించేలా చేసేది ఈఎంఐ. క్రెడిట్ కార్డుల మీద ‘సున్నా వడ్డీ’ పథకాలను రిజర్వ్ బ్యాంకు 2013 సెప్టెంబరులోనే తప్పుబట్టింది. వడ్డీ లేని అప్పు అన్నదే ఉండదని, వడ్డీని మరో రూపంలో దాస్తున్నారని దాని వాదన. ఆ తర్వాత వాడుకలో ఉన్న ‘నో కాస్ట్ ఈఎంఐ’లో బ్యాంకు వడ్డీ వేస్తుంది, అంత మొత్తాన్ని కంపెనీయో షాపో ముందే ధరలో తగ్గించి చూపుతుంది.

ఉదాహరణకు రూ.24,000 ఫోన్, 12 నెలలు, నెలకు రూ.2,000. ఏడాదికి 15 శాతం వడ్డీ అనుకుంటే ఇందులో అసలు సుమారు రూ.22,160, వడ్డీ సుమారు రూ.1,840. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, అంటే రూ.330 దాకా, కొన్నవారే కట్టాలి. ప్రాసెసింగ్ ఫీజు రూ.199 ఉంటే దాని జీఎస్టీతో కలిపి మరో రూ.235. వీటికి తోడు, రొక్కం ఇచ్చి కొనేవారికి అదే రూ.1,840 తగ్గింపుగా ఇచ్చే షాపు ఉంటే, ఈఎంఐలో కొన్నవారు మొత్తం మీద రెండు వేల నాలుగు వందలు ఎక్కువ కట్టినట్టు. ఒక నెల వాయిదా కంటే ఎక్కువే. బేరమాడే ముందు ‘రొక్కం ఇస్తే ఎంత?’ అని అడగడం అందుకే అవసరం.

వాడకం ఖర్చును నెలల్లో చూస్తే బొమ్మ ఇంకా స్పష్టమవుతుంది. రూ.20,000 ఫోన్‌ను ఏడాదికే మార్చి రూ.10,000 ఎక్స్ఛేంజ్ తెచ్చుకుంటే నెలకు పడింది రూ.833. రెండేళ్లు వాడి రూ.5,000 తెచ్చుకుంటే రూ.625. నాలుగేళ్లు వాడి, మధ్యలో రూ.2,000 పెట్టి బ్యాటరీ వేయించి, చివర్లో రూ.1,500కు ఇచ్చేస్తే నెలకు రూ.427. ఇవి లెక్క అర్థం కావడానికి వేసుకున్న అంకెలే. ఎక్స్ఛేంజ్ ధర ఎక్కువగా ఇస్తామన్న బోర్డు చూసినప్పుడు ‘బోనస్’ ఎంత, అసలు పాత ఫోన్‌కు కట్టిన విలువ ఎంత అని విడదీసి అడగాలి. తెర మీద సన్నటి గీత ఉన్నా, స్పీకర్ కాస్త మందగించినా అసలు విలువ బాగా పడిపోవచ్చు. బోర్డు మీది అంకె మచ్చలేని ఫోన్‌కు వర్తించేది.

ఫోన్ల మీద జీఎస్టీ 2020 ఏప్రిల్‌లో 12 నుంచి 18 శాతానికి పెరిగింది. 2025 సెప్టెంబరులో చాలా వస్తువులకు పన్ను తగ్గినా ఫోన్లకు మాత్రం 18 శాతమే కొనసాగింది. తరచూ ఫోన్ మార్చేవారు ప్రతిసారీ పూర్తి ధర మీద ఈ పన్ను కడుతున్నారన్నది మరిచిపోకూడదు.

ఏఐ కోసం మారాలా

గత రెండేళ్లుగా కొత్త మోడళ్లకు ప్రధాన ఆకర్షణ ఏఐ. ఇందులో రెండు రకాలున్నాయి. ఫోన్‌లోనే నడిచేవి, దూరంగా ఉన్న సర్వర్‌లో నడిచి జవాబు పంపేవి. మొదటి రకానికి కొత్త చిప్, ఎక్కువ ర్యామ్ కావాలి. ఆపిల్ తన ఏఐ సదుపాయాలైన ‘ఆపిల్ ఇంటెలిజెన్స్’ను ఐఫోన్ 15 ప్రో కంటే కింది మోడళ్లకు ఇవ్వకపోవడానికి కారణమదే. రెండో రకానికి ఇంటర్నెట్ ఉన్న మామూలు ఫోన్ చాలు. తెలుగులో మాట్లాడి జవాబు వినాలనుకునేవారికి పనికొచ్చేది ప్రస్తుతం ఎక్కువగా ఈ రెండో రకమే. తన ఏఐతో నోటిమాటగా సంభాషించే జెమినీ లైవ్‌కు తెలుగును జోడిస్తున్నట్టు గూగుల్ 2024 అక్టోబరులో ప్రకటించింది. తెలుగే ప్రధానంగా వాడే ఇంట్లో, ఏఐ పేరు చెప్పి ఫోన్ మార్చడానికి ఇంకా తగిన కారణం కనిపించదు.

ఆగితే ధర తగ్గుతుందా

మామూలు సంవత్సరాల్లో ఈ ప్రశ్నకు జవాబు తేలిక. కొత్తది రాగానే పాతదాని ధర దిగుతుంది. ఐఫోన్ 16 వచ్చినప్పుడు 15 ధర రూ.79,900 నుంచి రూ.69,900కు, 17 వచ్చినప్పుడు 16 ధర అలాగే రూ.69,900కు తగ్గింది. తేడా కొంచెమే అయిన ఏడాది, పోయినేటి మోడల్ పట్టుకోవడమే తెలివైన బేరం. అప్‌డేట్ల హామీ అయిదేళ్లకు మించి ఉన్న ఫోన్లకే ఈ మాట బాగా వర్తిస్తుంది.

2025 చివరి నుంచి పరిస్థితి కాస్త మారింది. ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్‌లను పెద్దఎత్తున కొనేస్తుండటంతో ర్యామ్, స్టోరేజీ ధరలు బాగా పెరిగాయి. ఖరీదైన ఫోన్‌లో మెమరీ వాటా మొత్తం ఖర్చులో చిన్నదే. పది, పదిహేను వేల ఫోన్‌లో ఆ వాటా పెద్దది, లాభం పలుచన. అందుకే దెబ్బ ముందు తగిలేది చౌక ఫోన్లకు. ధర పెంచడమో, ధర అలాగే ఉంచి ర్యామ్ తగ్గించడమో, యూఎఫ్ఎస్ స్థానంలో ఈఎంఎంసీ పెట్టడమో జరగవచ్చు. ఇలాంటి సమయంలో కొత్త మోడల్ పాతదాని కంటే తక్కువ సరుకుతో వచ్చే అవకాశమూ లేకపోలేదు. చేతిలో 8 జీబీ ర్యామ్, యూఎఫ్ఎస్ స్టోరేజీ, నడుస్తున్న అప్‌డేట్లు ఉన్నవారు దాన్ని 6 జీబీ ‘కొత్త’ ఫోన్‌తో మార్చుకుంటే వెనక్కి వెళ్లినట్టే.

తప్పనిసరిగా ఫోన్ కావాల్సినవారు, అప్‌డేట్లు ఆగిపోయినవారు, స్టోరేజీ నిండిపోయి ఇక ఖాళీ చేయలేనివారు ధర తగ్గుతుందని నెలల తరబడి ఆగడం వల్ల కలిసొచ్చేది తక్కువ. వారు కొనేటప్పుడు కెమెరా అంకె దగ్గర కాక, స్టోరేజీ దగ్గర ఒక మెట్టు పైది ఎంచుకోవడం మేలు. మెమరీ కార్డు పెట్టే వీలున్న ఫోన్లు తగ్గిపోతున్నాయి, అలాంటప్పుడు స్టోరేజీని తర్వాత పెంచుకోలేరు. వాడిన ఫోన్ వైపు చూసేవారు డబ్బు చేతిలో పెట్టే ముందు *#06# నొక్కి వచ్చిన 15 అంకెల ఐఎంఈఐ (ఫోన్ గుర్తింపు) నంబరును, ‘KYM’ అన్న ఇంగ్లిష్ అక్షరాల తర్వాత టైప్ చేసి 14422కు ఎస్ఎంఎస్ పంపితే, ఆ నంబరు బ్లాక్ అయిందో లేదో జవాబు వస్తుంది. టెలికం శాఖ నడిపే సంచార్ సాథీ పోర్టల్‌లోనూ ఇదే చూసుకోవచ్చు.